250 గ్రాముల లోపు డ్రోన్‌కి రూల్స్ ఏవీ వర్తించవా? అమెరికా నుంచి తెచ్చి చెల్లి పెళ్లిలో ఎగరేయొచ్చా?

మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీరు డాలస్‌లో ఉంటారు. ఫిబ్రవరిలో చెల్లెలి పెళ్లికి రేపల్లె దగ్గర మీ ఊరు వస్తున్నారు. మీ దగ్గర 249 గ్రాముల డీజేఐ మినీ ఉంది. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి ఇండియాలో ఏ పర్మిషనూ అక్కర్లేదని మీ ఫ్రెండ్ చెప్పాడు. ఊళ్లో పెళ్లికి, గన్నవరం వైపు హాల్లో రిసెప్షన్‌కి, తర్వాత వైజాగ్, తిరుమల ట్రిప్పులో దాన్ని వాడుకోవచ్చా అన్నారు. చివర్లో నాన్నగారి పొలానికి డ్రోన్‌తో మందు కొట్టించడం గురించి కూడా అడిగారు.

సూటిగా చెప్తున్నాను: ఆ డ్రోన్ తీసుకురాకండి. పెళ్లికి ఇక్కడే కాగితాలున్న వాళ్లను మాట్లాడుకోండి. మీ ఊళ్లో ఎగరేయడం పెద్ద సమస్య కాదు. గన్నవరం వైపు హాలు దాదాపు కుదరదు. వైజాగ్ బీచ్, తిరుమల అసలు వద్దు. పొలానికి మందు మాత్రం నిశ్చింతగా కొట్టించుకోవచ్చు.

నేను పెళ్లి వీడియోలతో ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు ఎక్కువగా సర్వేలు, పొలాల్లో పిచికారీ చేస్తున్నాను. స్మాల్ కేటగిరీలో రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది. కింద రాసేదంతా రూల్స్ చదివి, వాటితో రోజూ వేగుతూ తెలుసుకున్నదే.

ముందు కస్టమ్స్ సంగతి, ఎందుకంటే మీ ప్లాన్ ఆగిపోయేది అక్కడే. 2022 ఫిబ్రవరి 9న విదేశీ వాణిజ్య శాఖ, అంటే డీజీఎఫ్‌టీ, విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తిగా తయారైన డ్రోనే కాదు, విప్పి ముక్కలుగా తెచ్చినా నిషేధమే. రెక్కలు ఒక సూట్‌కేసులో, బాడీ ఇంకో సూట్‌కేసులో పెట్టుకు రమ్మని సలహా ఇచ్చేవాళ్లు ఇది గమనించరు. మినహాయింపులు ఉన్నాయి కానీ అవి పరిశోధనకు, రక్షణ, భద్రత అవసరాలకు, అది కూడా ముందే అనుమతి తీసుకున్నవాళ్లకు. తయారీదారులు విడిభాగాలు తెప్పించుకోవచ్చు. చెల్లెలి పెళ్లి ఆ జాబితాలో లేదు.

“మా కజిన్ తెచ్చాడు, ఎవరూ అడగలేదు” అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నిజమే, అందరి పెట్టెలూ తెరిచి చూడరు. కానీ కస్టమ్స్ డిక్లరేషన్‌లో డ్రోన్ గురించి విడిగా అడుగుతారు. అక్కడ లేదని రాసి, స్కానర్‌లో కనిపిస్తే పోయేది డ్రోన్ ఒక్కటే కాదు, జరిమానా కూడా పడుతుంది. పెళ్లి పనులు పెట్టుకుని ఎయిర్‌పోర్టులో ఆ టెన్షన్ ఎందుకు?

ఇప్పటికే పెట్టెలో పెట్టేసుకుని బయల్దేరితే ఒక దారి ఉంది. కస్టమ్స్‌కి చూపించాల్సిన వస్తువులున్నవాళ్లు వెళ్లే రెడ్ ఛానల్‌కి వెళ్లి నిజం చెప్పండి. కస్టమ్స్ చట్టం 1962లో 80వ సెక్షన్ ప్రకారం, నిజాయితీగా డిక్లేర్ చేసిన వస్తువును అధికారులు తమ దగ్గర ఉంచుకుని, మీరు దేశం వదిలి వెళ్లేటప్పుడు తిరిగి ఇవ్వమని అడగొచ్చు. రసీదు తప్పకుండా తీసుకోండి. తిరుగు ప్రయాణం అదే ఎయిర్‌పోర్టు నుంచి పెట్టుకోండి, లేకపోతే ఇంకో తలనొప్పి.

“మరి హైదరాబాద్‌లో షాపుల్లో అమ్ముతున్నారుగా?” అని అడుగుతారు. అమ్ముతున్నారు. అవి ఎలా వచ్చాయి అన్నది అమ్మినవాడు చెప్పడు, జీఎస్టీ బిల్లు అడిగితే మొహం తిప్పుకుంటాడు. 2021 నవంబరు 30 నాటికి దేశంలో ఉన్న పాత డ్రోన్లను, జీఎస్టీ బిల్లు లాంటివి చూపించి నమోదు చేసుకోవడానికి 2022 మార్చి 31 వరకు గడువు ఇచ్చారు. ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది.

ఇక మీ ఫ్రెండ్ చెప్పిన 250 గ్రాములు. ఆయన మాటలో సగం నిజం ఉంది. అమెరికాలో సరదాకి ఎగరేసే 250 గ్రాముల లోపు డ్రోన్‌ని అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ దగ్గర రిజిస్టర్ చేయక్కర్లేదు. ఆ లెక్కే ఇక్కడా అనుకుంటారు. ఇక్కడ నడిచేది 2021 ఆగస్టు 25న కేంద్రం ఇచ్చిన డ్రోన్ రూల్స్. వాటిలో 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 వరకు మీడియం, ఆపైన లార్జ్.

నానోకి మినహాయింపు ఉన్నది మూడింటికి: టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌ని పరీక్షించి ఇచ్చేది), పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. ఈ మూడు చోట్లా నానోకి అక్కర్లేదని స్పష్టంగా రాశారు. రిజిస్ట్రేషన్ నంబర్, అంటే యూఐఎన్, దగ్గర ఆ మాట లేదు. ఫీజు 100 రూపాయలే, పని ఆన్‌లైన్‌లోనే, కానీ నంబర్ ఉండాలి. ఎక్కడ ఎగరేయొచ్చు, ఎంత ఎత్తు అన్న రూల్స్‌లోనూ నానోకి తగ్గింపు లేదు. ఎయిర్‌పోర్టు పక్కన 249 గ్రాములదీ 24 కిలోలదీ ఒకే తప్పు. మీ ఫ్రెండ్ లాంటివాళ్లు పొరపడేది ఇక్కడే. మినహాయింపులన్నీ డ్రోన్ బరువు, వాడకం చూసి ఇచ్చినవి. కేసులు మాత్రం ఎక్కువగా చోటు చూసి పడతాయి.

ఇంకో చిన్న విషయం. బరువు అంటే పెట్టె మీద రాసింది కాదు, గాల్లోకి లేచేటప్పుడు దాని మీద ఉన్న మొత్తం బరువు. వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి. మామూలు బ్యాటరీతో 249. అదే డ్రోన్‌కి ఎక్కువసేపు ఎగిరే ప్లస్ బ్యాటరీ వేస్తే 290 దగ్గరకు వెళ్తుంది. రెక్కలకు గార్డులు, రాత్రి కనిపించడానికి అంటించే చిన్న లైటు, ఏది తగిలించినా గీత దాటేస్తారు. అప్పుడది మైక్రో. మైక్రోని సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ మాత్రం కావాలి. డబ్బులు తీసుకుని ఎగరేస్తే సర్టిఫికెట్ కూడా కావాలి. మన పెళ్లి ఫొటోగ్రాఫర్లు మినీ మోడళ్ల మీద ఎందుకు పడ్డారో ఇప్పుడు అర్థమైందిగా. నానో అయితే డబ్బులు తీసుకున్నా పైలట్ సర్టిఫికెట్ అడగరు.

సరే, చోటు సంగతి. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దేశం మొత్తానికీ రంగుల మ్యాప్ ఉంది, 2021 సెప్టెంబరు నుంచి. ఆకుపచ్చలో 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల వరకు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పసుపులో ఏటీసీ, అంటే విమానాల రాకపోకలు చూసే కంట్రోల్ వాళ్ల, అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం తప్ప ఎవరూ అనుమతి ఇవ్వలేరు. ఎయిర్‌పోర్టుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆకుపచ్చ ఉంటుంది కానీ 200 అడుగుల వరకే. 8 కిలోమీటర్ల లోపల ఆకుపచ్చ మాటే లేదు. ఈ దూరం టెర్మినల్ నుంచి కాదు, ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి కొలుస్తారు. రన్‌వే చివర ఉన్న హాల్ వాళ్లు “ఎయిర్‌పోర్టు ఇక్కడికి చాలా దూరమండీ” అని చెప్పేది టెర్మినల్ గేటు లెక్క.

మీ రిసెప్షన్ హాల్ కేసరపల్లి వైపు అయితే మ్యాప్ తెరిచే పని కూడా లేదు, ఎయిర్‌పోర్టు పక్కనే. అటు హాళ్లలో బుకింగులు వచ్చినప్పుడు నేను డ్రోన్ ప్యాకేజీలోంచి తీసేసి, జిమ్మీ జిబ్, అంటే పొడవాటి క్రేన్ చివర కట్టిన కెమెరా, పెట్టమని చెప్తాను. పెళ్లికూతురు వాళ్లు మొదట అలుగుతారు. పల్లకీ వచ్చేటప్పుడు పై నుంచి షాట్ జిబ్‌తోనూ బాగానే వస్తుంది, వీడియో చూశాక ఎవరూ తేడా అడగలేదు.

వైజాగ్‌లో ఎయిర్‌పోర్టే నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాలో ఉంది. నేవీ స్థావరాలకు 3 కిలోమీటర్ల లోపు డ్రోన్లు కనిపిస్తే పడగొడతామని 2021లోనే నేవీ ప్రకటించింది. బీచ్ రోడ్డు మీద నిలబడి ఈ లెక్కలు వేసుకోవడం కంటే ఫోన్‌తో ఫొటోలు తీసుకోవడం మేలు. తిరుమల కొండ మీద డ్రోన్ నిషేధం, విజిలెన్స్ వాళ్లు వెంటనే పట్టుకుంటారు, అక్కడ గ్రాముల వాదన ఎవరూ వినరు. లేపాక్షి, గోల్కొండ, రామప్ప లాంటివి పురావస్తు శాఖ చేతిలో ఉన్నవి, వాళ్ల అనుమతి వేరే. అభయారణ్యాలకు అటవీ శాఖ. హైదరాబాద్‌లో అయితే శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అన్నీ కలిపి మ్యాప్‌లో మిగిలే ఆకుపచ్చ తక్కువే.

అసలు చాలామందికి తెలియని భాగం రాష్ట్రాల పాత్ర. రాజ్యాంగంలో విమానయానం కేంద్ర జాబితాలో ఉంది. కాబట్టి ఆంధ్రకో తెలంగాణకో సొంత డ్రోన్ చట్టం ఉండదు. కానీ పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రానివి. అందుకే 2021 రూల్స్‌లో రాష్ట్ర ప్రభుత్వానికి, పోలీసులకు ఒక అధికారం ఇచ్చారు: అత్యవసరమైతే ఒక ప్రాంతాన్ని తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించొచ్చు. ఒక్కోసారి 96 గంటలకు మించకూడదు. ఎస్పీ, లేదా ఆ హోదాకు తగ్గని అధికారే ప్రకటించాలి. డిజిటల్ స్కై మ్యాప్‌లో కనిపించేలా పెట్టాలి. అవసరానికి మించి పెద్ద ప్రాంతాన్ని మూసేయకూడదు అని కూడా ఉంది.

ఇదొక దారి. రెండోది అందరికీ తెలిసిన పాత 144 సెక్షన్. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది. దాని కింద ఇచ్చే ఉత్తర్వు రెండు నెలలు ఉండొచ్చు, రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే ఆరు నెలల దాకా పొడిగించొచ్చు. కమిషనరేట్లలో ఆగస్టు 15కి ముందు, వీఐపీ పర్యటనలకు, ఎయిర్‌పోర్టు చుట్టూ ఇచ్చే డ్రోన్ నిషేధాలు ఎక్కువగా ఈ దారిలో వచ్చేవే. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో చాలా నగరాల్లో పోలీసులు డ్రోన్లు ఆపేయించారు. అప్పుడు ఇలాంటి ఉత్తర్వు ఉన్న ఊళ్లో మ్యాప్ ఆకుపచ్చగా చూపిస్తున్నా ఎగరేసినవాడికి రక్షణ లేదు. ఉత్తర్వు ధిక్కరిస్తే భారతీయ న్యాయ సంహిత 223 కింద కేసు, ఆరు నెలల జైలు దాకా ఉంటుంది. డ్రోన్ రూల్స్ ఉల్లంఘనకు జరిమానా లక్ష రూపాయల వరకు, అది వేరే.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను. 96 గంటల రూల్ మంచి రూల్. ఎవరు ప్రకటించాలి, ఎంతసేపు, ఎక్కడ కనిపించాలి అన్నీ రాసి ఉన్నాయి. ఉత్తర్వు దారిలో ఆ స్పష్టత ఉండదు. పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వస్తుంది, అంతే. డాలస్ నుంచి వచ్చినాయనకు అది ఎలా తెలుస్తుంది? మ్యాప్‌లో కూడా పెట్టించడం పెద్ద పని కాదు, ఎందుకు చేయరో అర్థం కాదు.

మరి పోలీసు పర్మిషన్ కావాలా? ఆకుపచ్చ జోన్‌లో రూల్స్ ప్రకారం అక్కర్లేదు. 2018 డిసెంబరు నుంచి నడిచిన పాత విధానంలో చిన్న డ్రోన్లకు కూడా 24 గంటల ముందు స్టేషన్‌లో చెప్పాలని ఉండేది. కానిస్టేబుళ్లలో చాలామందికి ఆ మాటే గుర్తుంది. అందుకని నేను రూల్ లేకపోయినా పెళ్లికి ముందు రోజు ఒక తెల్లకాగితం మీద తేదీ, టైము, చోటు, యూఐఎన్, నా సర్టిఫికెట్ నంబర్ రాసి స్టేషన్‌లో ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకుంటాను. వీఐపీ పర్యటనలు ఉన్నాయేమో స్పెషల్ బ్రాంచ్ వాళ్లను అడుగుతాను. వాళ్లకే ముందు తెలుస్తుంది.

ఒక పల్లెలో పెళ్లి ఊరేగింపు తీస్తుంటే ఎస్సై గారు వచ్చి దించేయమన్నారు. పక్క మండలంలో ఎవరో మంత్రి హెలికాప్టర్ దిగుతోందట. రెడ్ జోన్ ప్రకటించలేదు, ఉత్తర్వూ లేదు. స్టాంపు కాగితం నా జేబులో ఉంది. వాదించలేదు, వెంటనే దించాను. నిజంగా హెలికాప్టర్ వస్తుంటే తక్కువ ఎత్తులో డ్రోన్ ఉండటం ప్రమాదమే, రూల్స్‌లోనూ మనుషులున్న విమానానికే దారి వదలాలి. ఆ కాగితం చూశాక ఆయనే అరగంట తర్వాత ఫోన్ చేసి ఇక ఎగరేసుకోమన్నారు. కాగితం లేకపోతే డ్రోన్ స్టేషన్‌కి వెళ్లేది, విడిపించుకోవడానికి రెండు వారాలు తిరగాల్సి వచ్చేది. మీరు మాట్లాడుకునే ఫొటోగ్రాఫర్ ఈ కాగితం ఇస్తాడా అని అడగండి. దాంతోపాటు యూఐఎన్, నానో కాకపోతే ఇన్సూరెన్స్ కూడా చూపించమనండి. నసిగితే ఇంకొకరిని చూసుకోండి.

“పోలీసుల డ్రోన్లకు, ప్రభుత్వ డ్రోన్లకు ఈ రూల్స్ ఉండవా?” అని కామెంట్లలో ఎవరో అడిగారు. రూల్స్ పూర్తిగా వర్తించనిది సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్ డ్రోన్లకే. పోలీసులు, మున్సిపాలిటీలు, ఇరిగేషన్ ఆ వాక్యంలో లేరు. ప్రత్యేక పనులకు కేంద్రం విడిగా మినహాయింపు ఇస్తుంది. 2021లో తెలంగాణ ప్రభుత్వానికి షరతులతో అలా ఇచ్చాకే వికారాబాద్‌లో కంటికి కనిపించనంత దూరం డ్రోన్లతో మందులు, టీకాలు పంపి చూశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మేడల మీద చిక్కుకున్నవాళ్లకు డ్రోన్లతో అన్నం పొట్లాలు, నీళ్లు అందించారు. మనం అది చూసి “వాళ్లు ఎగరేశారుగా” అంటే చెల్లదు. ఇంజినీరింగ్ కాలేజీలకు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు, తయారీదారులకు పరిశోధన కోసం యూఐఎన్, సర్టిఫికెట్లు రెండూ అక్కర్లేదు. కానీ సొంత ఆవరణలోనో, తమ ఆధీనంలో ఉన్న ఖాళీ స్థలంలోనో, అదీ ఆకుపచ్చ జోన్‌లోనే.

2025 సెప్టెంబరులో పౌర విమానయాన శాఖ కొత్త డ్రోన్ బిల్లు ముసాయిదా విడుదల చేసింది, శిక్షలు ఇప్పటికంటే గట్టిగా ఉన్నాయి. అది చట్టమయ్యేదాకా 2021 రూల్సే లెక్క.

మీ ఊళ్లో పెళ్లికి అయితే: బాపట్ల పక్కన సూర్యలంకలో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది కాబట్టి మీ ఊరు ఎంత దూరమో మ్యాప్‌లో చూసుకోవాలి. ఆకుపచ్చ అయితే 400 అడుగుల లోపు హాయిగా తీయించుకోండి. పందిరి మీద, జనం నెత్తిన నిలబెట్టొద్దని చెప్పండి. పక్కింటి డాబాల మీదకు కెమెరా తిప్పొద్దని మరీ మరీ చెప్పండి. పల్లెల్లో డ్రోన్ గొడవలు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే, స్నానాల గది కనిపించిందంటే అది రూల్స్ దాటి క్రిమినల్ కేసు అవుతుంది.

చివరిది, పొలం. మీ వైపు వరి కోతకు కాస్త ముందు తడి మీద చల్లే మినుముకు డ్రోన్ బాగా పనికొస్తుంది. మనిషి నడిస్తే మొక్క నలుగుతుంది, తెల్లదోమకు సమయానికి మందు పడకపోతే పల్లాకు తెగులు అందుకుంటుంది. పిచికారీ డ్రోన్‌కి ఏ మినహాయింపూ లేదు: టైప్ సర్టిఫికెట్, యూఐఎన్, ఇన్సూరెన్స్, సర్టిఫికెట్ ఉన్న పైలట్, నాలుగూ ఉండాలి. చాలా కంపెనీలు 10 లీటర్ల ట్యాంకు నిండినా 25 కిలోలు దాటకుండా తయారు చేస్తాయి, స్మాల్ కేటగిరీ దాటకూడదని. డ్వాక్రా సంఘాలకు నమో డ్రోన్ దీదీ కింద 80 శాతం సబ్సిడీతో, 8 లక్షలకు మించకుండా, డ్రోన్లు ఇచ్చారు. మీ మండలంలో అలాంటి సంఘం ఉందేమో రైతు సేవా కేంద్రంలో నాన్నగారిని అడగమనండి. గుంటూరు లాంలో ఎన్జీ రంగా వర్సిటీ పైలట్లకు శిక్షణ ఇస్తుంది, అక్కడ నేర్చుకున్న కుర్రాళ్లు అటువైపు బాగానే ఉన్నారు.

డ్రోన్‌తో కొట్టడానికి అనుమతి ఉన్న మందే వాడాలి. నీళ్లు తక్కువ కాబట్టి ద్రావణం చిక్కగా ఉంటుంది, చేతి పంపు లెక్కలో కలపకూడదు. ఎండెక్కక ముందే పని అయిపోవాలి. మీ పొలం పక్కన రొయ్యల చెరువు ఉంటే మాత్రం ఆ రైతుకు ముందు రోజే చెప్పండి. గాలి చెరువు వైపు ఉంటే ఆ రోజు ఎన్ని డబ్బులిచ్చినా నేను మోటార్ వేయను. పురుగుమందు తుంపర రొయ్యకు విషం, పంట మొత్తం పోతే ఇన్సూరెన్స్ వాళ్లతో తేలేసరికి రెండిళ్ల మధ్య మాటలుండవు.